తడి వదలని ఫ్లాస్కు: డ్రయింగ్ ఏజెంట్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ల్యాబ్‌లో సాల్వెంట్ నుంచి, గ్యాస్ నుంచి, ఘన పదార్థం నుంచి నీళ్లు తీసేయడానికి ఏది వాడాలి, ఎంత వాడాలి, వాడితే ఎందుకు బెడిసికొట్టింది అని. అందుకే అన్నీ ఒకచోట పెట్టేశాం. ఒకటే అడిగిన నలుగురైదుగురి ప్రశ్నలు కలిపి ఒకటి చేశాం, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: వర్కప్ (రియాక్షన్ తర్వాత కడిగి, ప్రోడక్ట్‌ని వేరుచేసే పని) అయ్యాక ఇథైల్ ఎసిటేట్ పొరలో తడి తీయడానికి మా గైడ్ సోడియం సల్ఫేట్ వాడమంటారు. పక్క బెంచీ సీనియర్ మాత్రం మెగ్నీషియం సల్ఫేటే బెస్ట్ అంటారు. ఎవరి మాట వినాలి? ఎంత వేయాలి అంటే ఇద్దరూ "సరిపడా" అంటారు, ఆ సరిపడా ఎంతో ఎవరూ చెప్పరు.

జవాబు: గైడ్ మాట వినండి, గొడవ ఉండదు. ఇక కెమిస్ట్రీ సంగతికొస్తే ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే ఇద్దరి తొందర వేరు.

మెగ్నీషియం సల్ఫేట్ వేగంగా పనిచేస్తుంది, ఐదు నిమిషాల్లో చాలావరకు పని అయిపోతుంది. ఒక్కో అణువు ఏడు నీటి అణువుల దాకా పట్టుకోగలదు. ఇబ్బంది ఏమిటంటే అది మెత్తటి పొడి, ఫిల్టర్ పేపర్‌ని మొరాయించేలా చేస్తుంది, పైగా మీ కాంపౌండ్‌ని కొంత తనకే అంటించుకుని ఉంచుకుంటుంది. కొంచెం ఆమ్ల గుణం కూడా ఉంది కాబట్టి ఆసిడ్ తగిలితే విరిగిపోయే ఎసిటాల్స్ లాంటివి చేస్తున్నప్పుడు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. సోడియం సల్ఫేట్ తటస్థం, గింజలుగా ఉంటుంది, వడపోయడం కూడా అక్కర్లేదు, పైనుంచి జాగ్రత్తగా వంచేస్తే చాలు. కాగితం మీద దాని కెపాసిటీ ఇంకా ఎక్కువ, పది నీటి అణువులు. కానీ నిదానం, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయాలి, చివరికి కూడా మెగ్నీషియం సల్ఫేట్ తీసినంత తడి తీయదు. చాలామంది రెండు నిమిషాలు తిప్పి వంచేస్తారు, తర్వాత ఎన్‌ఎమ్ఆర్‌లో (శాంపిల్‌లో ఏమేమున్నాయో చూపే పరీక్షలో) నీళ్ల పీక్ చూసి రసాయనాన్ని తిడతారు.

ఇప్పుడు "సరిపడా" సంగతి. మామూలు గది ఉష్ణోగ్రతలో ఇథైల్ ఎసిటేట్ తనలో దాదాపు 3 శాతం నీటిని కరిగించుకుంటుంది. అంటే 100 మి.లీ. పొరలో కంటికి కనిపించని నీళ్లు మూడు గ్రాముల దాకా ఉండొచ్చు. డైక్లోరోమీథేన్‌లో అయితే 0.2 శాతం అటూ ఇటూ, టోలుయిన్‌లో అంతకన్నా చాలా తక్కువ. అందుకే ఒకే చెంచా లెక్క అన్ని సాల్వెంట్లకూ కుదరదు. ఇథైల్ ఎసిటేట్‌కీ, ఈథర్‌కీ డ్రయింగ్ ఏజెంట్ వేసే ముందు సంతృప్త ఉప్పునీటితో, అదే బ్రైన్‌తో, ఒకసారి కడగండి. ఉప్పునీరు సాల్వెంట్‌లోని నీటిని తన వైపు లాక్కుంటుంది. ఖర్చు లేని పని, ఆ తర్వాత పొడి తక్కువే పడుతుంది. సెపరేటరీ ఫనెల్‌లో అడుగున మిగిలిన నీటి బొట్లు కూడా ఫ్లాస్కులోకి దింపేసి, "సల్ఫేట్ చూసుకుంటుందిలే" అనుకునేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఇక వేయడం మొదలుపెట్టాక తూకం చూడక్కర్లేదు, కళ్లు చూస్తే చాలు. కొద్దిగా వేసి ఫ్లాస్కుని గుండ్రంగా తిప్పండి. మొదట వేసింది ముద్దలు కట్టి అడుగుకి అంటుకుంటుంది. ఇంకొంచెం వేయండి, మళ్లీ తిప్పండి. ఎప్పుడైతే కొత్తగా వేసిన పొడి ముద్ద కట్టకుండా విడివిడిగా తేలుతూ నెమ్మదిగా దిగుతుందో, మసకగా ఉన్న ద్రావణం తేటపడుతుందో, అక్కడ ఆపండి. అంతకుమించి గుప్పెళ్లు గుప్పెళ్లు పోస్తే నీళ్లు ఎక్కువ పోవు, మీ ప్రోడక్టే పోతుంది. పది మిల్లీగ్రాముల కాంపౌండ్‌కి పది గ్రాముల పొడి వేస్తే ఈల్డ్ ఎటు పోయిందో వెతకక్కర్లేదు. వంచాక మిగిలిన పొడిని తాజా సాల్వెంట్‌తో ఒకటి రెండుసార్లు కడిగి అది కూడా కలుపుకోండి.

ప్రశ్న: సోడియం సల్ఫేట్‌ని వడపోయకుండా అలాగే వేడి చేసి సాల్వెంట్ లాగేస్తే ఏమవుతుంది? కాల్షియం హైడ్రైడ్ ఉన్న ఫ్లాస్కునైతే నేరుగా డిస్టిల్ చేస్తారు కదా, దీనికెందుకు కుదరదు?

జవాబు: చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే డ్రయింగ్ ఏజెంట్లన్నిటినీ రెండు జాతులుగా విడగొట్టేది ఇదే.

సల్ఫేట్లు, కాల్షియం క్లోరైడ్, పొటాషియం కార్బొనేట్ లాంటివి నీటిని నాశనం చేయవు, హైడ్రేట్ రూపంలో పట్టుకుని కూర్చుంటాయి. అది బ్యాంకులో వేసిన డబ్బు లాంటిది, పరిస్థితి మారితే తిరిగి బయటికొస్తుంది. సోడియం సల్ఫేట్ పది నీళ్ల హైడ్రేట్ 32.4 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడిపోయి నీటిని వదిలేస్తుంది. అంటే రోటావాప్ (సాల్వెంట్‌ని ఆవిరి చేసి లాగేసే పరికరం) బాత్ 40 డిగ్రీల్లో పెట్టి దాన్ని ఫ్లాస్కులోనే ఉంచితే, మీరు కష్టపడి తీసిన నీళ్లు మళ్లీ సాల్వెంట్‌లోకే వస్తాయి. ఎండాకాలం ఏసీ లేని గదిలో, లేదా ఇంకా వెచ్చగా ఉన్న ద్రావణంలో సోడియం సల్ఫేట్ "పనిచేయడం లేదు" అని అనిపించడానికి కారణం కూడా అదే. ముందు ద్రావణాన్ని చల్లారనివ్వండి, తర్వాత వేయండి, వేడి చేసే ముందు తీసేయండి.

కాల్షియం హైడ్రైడ్, సోడియం లోహం, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రెండో జాతి. ఇవి నీటితో రియాక్షన్ జరిపి దాన్ని వేరే పదార్థంగా మార్చేస్తాయి. హైడ్రైడ్ అయితే కాల్షియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్ వాయువు ఇస్తుంది. వేడి చేసినా ఆ నీళ్లు వెనక్కి రావు, కాబట్టి వాటి మీదుగా నేరుగా డిస్టిల్ చేయొచ్చు. కాకపోతే ఈ జాతి వాడేముందు సాల్వెంట్‌లో నీళ్లు ఇప్పటికే చాలా తక్కువ ఉండాలి. ఒక్క గ్రాము నీటికి హైడ్రైడ్ నుంచి సుమారు 1.3 లీటర్ల హైడ్రోజన్ బయటికొస్తుంది. బాగా తడిగా ఉన్న సాల్వెంట్‌లో హైడ్రైడ్ పోసి మూత బిగించారంటే ఏమవుతుందో ఊహించుకోండి. ముందు సల్ఫేట్ లాంటి మొదటి జాతి దాంతో ఒక రౌండు, ఆ తర్వాతే హైడ్రైడ్. వాయువు బయటికి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

ప్రశ్న: నా ప్రోడక్ట్ ఒక ఎమీన్. కాల్షియం క్లోరైడ్ చవగ్గా ఉందని దాంతో డ్రై చేశాను. టీఎల్‌సీలో (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే ప్లేట్ పరీక్షలో) రియాక్షన్ పూర్తయినట్టే కనిపించింది కానీ చేతికి వచ్చింది సగమే. రియాక్షన్‌దే తప్పా?

జవాబు: రియాక్షన్‌ని అనుమానించకండి, మీ ఎమీన్ ఆ వడపోసి పారేసిన ముద్దలో ఉంది. కాల్షియం క్లోరైడ్‌కి నీళ్లంటే ఎంత ఇష్టమో ఆల్కహాల్స్, ఎమీన్లు, ఫీనాల్స్, ఎమైడ్లు అన్నా అంతే ఇష్టం, వాటితో కూడా కట్టుకుని కాంప్లెక్స్‌లు చేస్తుంది. ఈ గుణాన్ని కావాలని వాడుకునే సందర్భం కూడా ఉంది: ఇథైల్ ఎసిటేట్ తయారుచేశాక అందులో మిగిలిన ఇథనాల్‌ని తీసేయడానికి కాల్షియం క్లోరైడ్ ద్రావణంతో కడుగుతారు. మీకు జరిగింది అదే, కాకపోతే మీకు కావాల్సిందే పోయింది. పారేయకుండా ఉంటే ఆ ముద్దని నీళ్లలో కరిగించి, క్షారం కలిపి, మళ్లీ ఎక్స్‌ట్రాక్ట్ చేసి చూడండి, కొంతైనా తిరిగి రావచ్చు.

ఎమీన్లకి పొటాషియం కార్బొనేట్, లేదంటే పొటాషియం హైడ్రాక్సైడ్ గింజలు వాడండి. ఆసిడ్లకి ఈ రెండూ పనికిరావు, లవణం అయిపోతాయి. ఎస్టర్లు, ఆల్డిహైడ్లు ఉన్నచోట హైడ్రాక్సైడ్ వద్దు. క్లోరోఫామ్ దగ్గర హైడ్రాక్సైడ్ అసలే వద్దు, అందులో ఎసిటోన్ కూడా కలిసి ఉంటే రియాక్షన్ చేయి దాటిపోయే ప్రమాదం ఉంది. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పేరు విని "అన్నిటికన్నా పవర్‌ఫుల్ కదా" అని అన్నిట్లో వేసేవాళ్లుంటారు. హైడ్రోకార్బన్లకి, డైక్లోరోమీథేన్ లాంటివాటికి, ఎసిటోనైట్రైల్‌కి సరే. ఆల్కహాల్స్, ఎమీన్లు, కీటోన్లకి అది డ్రయింగ్ ఏజెంట్ కాదు, రియేజెంట్.

ఏది ఎంత పవర్‌ఫుల్ అన్న పట్టిక పుస్తకాల్లో దొరుకుతుంది, గోడకి అంటించుకోండి, తప్పులేదు. కానీ డబ్బా మూత తీసేముందు అడగాల్సింది "ఇది నీటిని ఎంత బాగా తీస్తుంది" అని కాదు, "నా ఫ్లాస్కులో నీళ్లు కాక ఇంకేముంది, దాన్ని ఇది ఏం చేస్తుంది" అని.

ప్రశ్న: అమోనియాని పొడి సున్నంతోనే ఎందుకు డ్రై చేయాలి? పరీక్షలో వస్తుంది, కారణం రాయాలి.

జవాబు: గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రెండూ ఆమ్లాలు, క్షారమైన అమోనియాతో లవణాలు ఇస్తాయి. కాల్షియం క్లోరైడ్ ఒక అణువుకి ఎనిమిది అమోనియా అణువులు పట్టుకుని కూర్చుంటుంది. మిగిలింది పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్. అది కూడా క్షారమే కాబట్టి అమోనియా జోలికి పోదు, నీటిని మాత్రం తీసుకుని హైడ్రాక్సైడ్ అవుతుంది. ఇది అర్థమైతే మిగతావి బట్టీ పట్టక్కర్లేదు: క్లోరిన్‌కి, హైడ్రోజన్ క్లోరైడ్‌కి గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ పనికొస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌కి పొడి సున్నం పనికిరాదు, హైడ్రోజన్ సల్ఫైడ్‌కి గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ పనికిరాదు, ఎందుకంటే అది ఆ వాయువుని ఆక్సీకరణం చేసి సల్ఫర్‌గా మార్చేస్తుంది.

ప్రశ్న: ఇథనాల్‌ని ఎన్నిసార్లు డిస్టిల్ చేసినా 95 శాతం దాటడం లేదు. సోడియం ముక్క వేస్తే పోతుందా?

జవాబు: ఎన్నిసార్లు చేసినా దాటదు. బరువు ప్రకారం 95.6 శాతం దగ్గర ఇథనాల్, నీళ్లు ఎజియోట్రోప్ అయి 78 డిగ్రీల దగ్గర ఒకే ద్రవంలా మరుగుతాయి. అక్కడి నుంచి రసాయనం కావాలి. పాత పద్ధతి: పొడి సున్నంతో చాలాసేపు రిఫ్లక్స్ చేసి (ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకే పడేలా మరిగించి) డిస్టిల్ చేయడం. అది బాగానే పనిచేస్తుంది. ఇంకా పొడిగా కావాలంటే మెగ్నీషియం తునకలు, కొంచెం అయోడిన్.

సోడియం మాత్రం ఒక్కటే వేస్తే మీరనుకున్నంత లాభం లేదు. సోడియం ఇథాక్సైడ్ అవుతుంది, అది నీటితో కలిసి ఇథనాల్, సోడియం హైడ్రాక్సైడ్ ఇస్తుంది, కానీ ఆ రియాక్షన్ రెండు వైపులా నడుస్తుంది కాబట్టి కొంత నీరు ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అందుకే సోడియంతో పాటు డైఇథైల్ థాలేట్ లాంటి ఎస్టర్ కూడా వేసేవారు, పుట్టిన హైడ్రాక్సైడ్‌ని ఆ ఎస్టర్ తినేస్తుంది, తూకం ఒకవైపుకి ఒరుగుతుంది. ఇంత శ్రమ ఎందుకు, 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్ (అతి సన్నని రంధ్రాల్లో నీటిని పట్టుకునే గింజలు) ఉన్నాయి కదా అంటారా? అవును, కింది జవాబు చదవండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్) కోసం సోడియం, బెంజోఫినోన్ వేసి నడిపే డిస్టిలేషన్ సెటప్, అదే స్టిల్, ఎప్పటినుంచో నడుస్తోంది. ఎప్పుడు నిప్పంటుకుంటుందో అని దాని పక్కన నిలబడాలంటేనే టెన్షన్. మాలిక్యులర్ సీవ్స్ సరిపోతాయని ఎవరో అన్నారు, నిజమేనా? సీనియర్లు నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనివ్వండి, లెక్కలు మీ వైపే ఉన్నాయి. 2010లో విలియమ్స్, లాటన్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల సాల్వెంట్లని రకరకాల డ్రయింగ్ ఏజెంట్లతో పొడి చేసి, మిగిలిన నీటిని కార్ల్ ఫిషర్ పద్ధతిలో కొలిచారు. సోడియం, బెంజోఫినోన్ మీద తీసిన టీహెచ్‌ఎఫ్‌లో సుమారు 43 పీపీఎం (పది లక్షల భాగాల్లో 43) నీళ్లు మిగిలాయి. 3 ఆంగ్‌స్ట్రామ్ సీవ్స్ మీద, 100 మి.లీ.కి 20 గ్రాముల చొప్పున, రెండు రోజులు ఊరికే ఉంచిన దాంట్లో 10 పీపీఎం కూడా లేవు. మిథనాల్‌కి కూడా అంతే, మెగ్నీషియం, అయోడిన్ కన్నా సీవ్సే గెలిచాయి, కాకపోతే ఐదు రోజులు పట్టింది.

మరి స్టిల్‌లో పొడి అయ్యిందనడానికి గుర్తుగా చూసే ఆ నీలం రంగు? బెంజోఫినోన్ నీలం రంగు వచ్చిందంటే ఆక్సిజన్, నీళ్లు చాలావరకు పోయాయని అర్థమే, అబద్ధం కాదు. కానీ అది ఎన్ని పీపీఎం మిగిలాయో చెప్పే మీటర్ కాదు. ఆ రంగు మీద ఉన్న నమ్మకం వల్లే ఇన్నేళ్లూ స్టిల్స్ నడిచాయని నా అభిప్రాయం. చాలా ల్యాబ్‌లు 1990ల చివరి నుంచే స్టిల్స్ తీసేసి, యాక్టివేటెడ్ అల్యూమినా కాలమ్స్ గుండా సాల్వెంట్ పంపే సిస్టమ్‌లకి మారిపోయాయి.

అయితే సీవ్స్‌తో ఓడిపోయేవాళ్లు ఒకేచోట ఓడిపోతారు, యాక్టివేషన్ దగ్గర. కొత్త డబ్బా మూత తీసినా అవి గాలిలోని తేమ ఎంతో కొంత పట్టే ఉంటాయి. 110 డిగ్రీల గ్లాస్‌వేర్ ఓవెన్‌లో రాత్రంతా పెడితే సరిపోదు. ఆ రంధ్రాలు నీటిని చాలా గట్టిగా పట్టుకుంటాయి. ఫర్నేస్‌లో 300 డిగ్రీలకి పైన కొన్ని గంటలు, అది లేకపోతే వ్యాక్యూమ్ కింద 200 నుంచి 250 డిగ్రీల్లో. చల్లార్చేటప్పుడు గాలి తగలకూడదు, తగిలితే చేసిందంతా వృథా. గ్లవ్ వేసుకున్న అరచేతిలో నాలుగు గింజలు పెట్టి ఒక చుక్క నీళ్లు వేసి చూడండి, చురుక్కుమని వేడెక్కితే బతికే ఉన్నాయి. అదే వేడి సాల్వెంట్‌లోనూ పుడుతుంది కాబట్టి తక్కువ ఉష్ణోగ్రతలో మరిగే సాల్వెంట్‌లో తాజా సీవ్స్ ఒకేసారి గుమ్మరించొద్దు.

సైజు కూడా చూడండి. 3 ఆంగ్‌స్ట్రామ్‌లో నీరు దూరుతుంది, మిథనాల్, ఇథనాల్, ఎసిటోనైట్రైల్ దూరలేవు. 4 ఆంగ్‌స్ట్రామ్‌లో మిథనాల్ కూడా దూరిపోయి చోటంతా ఆక్రమిస్తుంది. ఎసిటోన్‌ని ఎక్కువ రోజులు సీవ్స్ మీద వదిలేయకండి, అది తనలో తానే ఆల్డాల్ కండెన్సేషన్ చేసుకుంటుంది, అంటే దాని అణువులే ఒకదానితో ఒకటి కలిసి వేరే పదార్థం అవుతాయి. గట్టి ఆసిడ్లలో సీవ్స్ నిర్మాణమే కూలిపోతుంది. ఇంకొకటి, ఇది చిన్న విషయం కాదు: సీవ్స్ నీటిని తీస్తాయి గానీ పెరాక్సైడ్లని (గాలి తగిలిన ఇలాంటి సాల్వెంట్‌లో పుట్టే, పేలే గుణమున్న పదార్థాలని) తీయవు. స్టెబిలైజర్ లేని టీహెచ్‌ఎఫ్‌ని చీకట్లో, నైట్రోజన్ కింద ఉంచండి, తేదీ రాసిపెట్టండి, అప్పుడప్పుడు పెరాక్సైడ్ స్ట్రిప్‌తో చూడండి.

ప్రశ్న: డైక్లోరోమీథేన్‌ని సోడియంతో డ్రై చేయొచ్చా?

జవాబు: వద్దు. క్లోరిన్ ఉన్న ఏ సాల్వెంట్‌లోనూ సోడియం, పొటాషియం వేయొద్దు, పేలుతుంది. డైక్లోరోమీథేన్‌కి కాల్షియం హైడ్రైడ్ లేదా సీవ్స్.

ప్రశ్న: డెసికేటర్‌లో సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారింది. పారేయాలా? ఘన పదార్థాలన్నీ డెసికేటర్‌లో పెట్టడం మంచిదేనా?

జవాబు: పారేయొద్దు. 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచితే మళ్లీ నీలం అవుతుంది. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషపూరితం, పొడి పీల్చకండి, ఖాళీ చేతులతో ముట్టుకోకండి. ఇప్పుడు చాలాచోట్ల నారింజ రంగు రకం వస్తోంది, అది వాడటం మేలు. ఆ రకాన్ని మరీ ఎక్కువ వేడి చేస్తే అందులోని రంగు మాడిపోతుంది, జాగ్రత్త.

ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పెట్టేవాళ్లు దాని పైభాగం చూస్తుండాలి. తేమ పీల్చగానే పైన జిగటగా గాజులాంటి పొర కడుతుంది, దాని కింద మంచి పొడి ఉన్నా నీళ్లు అక్కడికి చేరవు. చూడటానికి డిష్ నిండుగానే ఉంటుంది, పని మాత్రం సున్నా. పొర విరగ్గొట్టడం కన్నా మార్చేయడం మంచిది. శాంపిల్ నుంచి వచ్చేది నీళ్లు కాక వేరే ఏదైనా అయితే దానికి తగ్గది పెట్టాలి: ఆసిడ్ ఆవిర్లకి పొటాషియం హైడ్రాక్సైడ్ గింజలు, హెక్సేన్ లాంటి హైడ్రోకార్బన్ ఆవిర్లకి పారఫిన్ మైనం తురుము. సిలికా జెల్ ఒక్కటే అన్నిటికీ సరిపోతుందనుకోవడం అలవాటు మాత్రమే.

అన్నీ పెట్టొచ్చా అంటే, కాదు. కొన్ని పదార్థాలకి నీళ్లు తమ నిర్మాణంలో భాగం. టైట్రేషన్‌కి వాడే ఆక్సాలిక్ ఆసిడ్ రెండు నీటి అణువులతో ఉంటుంది, దాని అణుభారం 126, నీళ్లు లేకుండా 90. దాన్ని గట్టి డ్రయింగ్ ఏజెంట్ మీద పెడితే నెమ్మదిగా ఆ నీళ్లని వదులుకుంటుంది. మీరు 126 అనుకుని తూచి, నిజానికి అందులో కొంత 90 అయి ఉంటే, ద్రావణం గాఢత మీరు రాసుకున్న దానికన్నా ఎక్కువ ఉంటుంది. రీడింగులు మాత్రం చక్కగా ఒకదానితో ఒకటి సరిపోతాయి, అందుకే తప్పు ఎక్కడుందో దొరకదు.

ప్రశ్న: వాడేసిన కాల్షియం హైడ్రైడ్, సోడియం, సీవ్స్‌ని ఏం చేయాలి? సింక్‌లో పోయొచ్చా?

జవాబు: సింక్‌లో పోయొద్దు, ఓపెన్ డస్ట్‌బిన్‌లోనూ వేయొద్దు. ఫ్లాస్కు అడుగున బూడిద రంగులో చచ్చినట్టు కనిపించే హైడ్రైడ్ లోపల ఇంకా బతికే ఉంటుంది, పైన హైడ్రాక్సైడ్ పొర కప్పుకుని ఉంటుంది, అంతే. ఫ్యూమ్ హుడ్‌లో, నైట్రోజన్ కింద, చల్లగా ఉంచి, టోలుయిన్ లాంటి జడ సాల్వెంట్ పోసి, ఐసోప్రొపనాల్ చుక్కలు చుక్కలుగా వేయండి. బుడగలు ఆగాక మిథనాల్, అది కూడా ఆగాక మాత్రమే నీళ్లు. సోడియానికీ ఇదే వరుస, ఇంకా ఓపిగ్గా. నేరుగా మిథనాల్‌తోనో నీళ్లతోనో మొదలుపెట్టేవాళ్లకి నిప్పు అంటుకుంటుంది, టైమ్ మిగలదు. బుడగలు ఆగాయని వెంటనే మూత బిగించకండి, రాత్రంతా హుడ్‌లో తెరిచి ఉంచండి. దగ్గర్లో సోడియం ఉన్నప్పుడు ఏ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉందో కూడా చూసుకోండి, కార్బన్ డయాక్సైడ్‌ది దానికి పనికిరాదు, పొడి ఇసుక బకెట్ పక్కనే పెట్టుకోండి.

సీవ్స్‌లో, వాడిన సల్ఫేట్లలో సాల్వెంట్ నానే ఉంటుంది. రెండిటినీ హుడ్‌లో పూర్తిగా ఆరనిచ్చి, లేబుల్ రాసి సాలిడ్ వేస్ట్‌లో వేయండి. సీవ్స్‌ని మళ్లీ వాడాలనుకుంటే ఆ ఆరబెట్టడం అయ్యాకే ఓవెన్, తడి సాల్వెంట్‌తో నేరుగా వేడి ఓవెన్‌లోకి ఎప్పుడూ పెట్టొద్దు.